మధ్యాహ్నం ఉండని జలపాతం

అక్టోబరు 6

ముగ్గురూ అరకు నుంచి పొద్దున ఆరుంబావుకి దిగారు. నా కూతురు పూర్ణిమ కాళ్లకు బొబ్బలు. అల్లుడికి జలుబు. మనవరాలు నవ్య ఫోనులో నాలుగు వందల పన్నెండు ఫొటోలు. వాటిలో జలపాతం కనిపించేవి ఇరవై మూడు, తక్కినవన్నీ నవ్య ముఖం.

నన్ను తీసుకెళ్లలేదు. ఆగస్టులో స్నానాలగదిలో జారి పడ్డాను కాబట్టి, అక్కడ మెట్లు ఎక్కువ కాబట్టి. "నువ్వొచ్చి ఏం చూస్తావమ్మా, వీడియో తెస్తాంగా" అంది నా కూతురు. తెచ్చింది. ఒక నిమిషం నలభై సెకన్లు. చూశాను.

ముప్పై నాలుగేళ్లు సోషల్ చెప్పాను. బల్ల మీద పుస్తకాలు మెట్లుగా పేర్చి, చెంబుతో నీళ్లు పోసి, జలపాతమంటే ఇదీ అని ఏటా చూపించాను. అసలుది ఒక్కటీ చూడలేదు. గుడివాడలో పుట్టినదానికి మిట్టంటే రైలు కట్టే.

భోజనాల దగ్గర ఆ మాటంటే నవ్య నవ్వింది. "అమ్మమ్మా, మన దగ్గర నీళ్లు పైనుంచి పడేది రెండే చోట్ల. బోరు పైపులోంచి, మన ట్యాంకు నిండిపోయినప్పుడు డాబా మీంచి."

"కాలువలకు లాకులున్నాయి" అన్నాను.

"లాకులు వాటర్‌ఫాల్సా!" ముగ్గురూ కలిసి నవ్వారు. అల్లుడు కూడా, జలుబుతోనే.

ఆ నవ్వు నాకు తెలుసు. ఒకప్పుడు ఒక తరగతి నిండా విన్నాను. భోజనమయ్యాక పెట్టె తెరిచి తప్పుల పుస్తకం తీశాను. పిల్లలు పరీక్షల్లో రాసే తప్పులన్నీ అందులో ఎక్కించేదాన్ని, మరుసటి ఏడు ఆ పాఠం గట్టిగా చెప్పడానికి. 1981 డిసెంబరు. దివిసీమలో సముద్రం ఒడ్డు ఊరు పాలకాయతిప్ప, ఆరో తరగతి. అవనిగడ్డలో కాపురం, రోజూ బస్సులో వెళ్లి వచ్చేదాన్ని. ఉన్నదున్నట్టు ఇక్కడ దింపుతున్నాను:

"ప్రశ్న: జలపాతమునకు ఒక ఉదాహరణ. పోలమ్మ జవాబు: మా తూము దగ్గర జలపాతం ఉంది. పొద్దున ఉంటుంది, మధ్యాహ్నం ఉండదు. నా గమనిక: స్వయంగా వెళ్లి చూశాను. నీళ్లు మట్టంగా ఉన్నాయి. ఇది తప్పు కాదు, అబద్ధం. అయిదుకు సున్నా."

సరిగ్గానే వేశాను. అబద్ధానికి మార్కులుండవు.

కానీ లాకుల సంగతి వేరు. ఈ డెల్టాలో నీరు ఎక్కడెక్కడ ఎంతెత్తు నుంచి పడుతుందో నేను చూసి, కొలిచి, రాసి, ఆ ముగ్గురి ముందు పెడతాను. అప్పుడు నవ్వమను.

అక్టోబరు 7

నియమాలు. డెల్టా దాటకూడదు. అడుగుకు తక్కువ ఎత్తయితే లెక్కలోకి రాదు. నా కంటితో చూసి నా చేత్తో కొలవాలి. ఎవరినీ అనుమతి అడగకూడదు.

అక్టోబరు 9

ఒకటి. గుడ్లవల్లేరు దారిలో లాకు. బస్సులో వెళ్లాను. పావుకిలో తూకపురాయి కట్టిన తాడు కిందికి వదిలి, తడిసినంత మేర వదిలేసి, పొడి తాడును టేపుతో కొలిచాను. రెండడుగుల తొమ్మిదంగుళాలు. చప్పుడు బాగుంది. జలపాతమనడానికి మనసొప్పలేదు. "కాదు" అని రాశాను.

పూర్ణిమ పాఠాలు చెప్పే ఇంజనీరింగ్ కాలేజీ ఆ దారిలోనే. బస్సులో తల మీదికి కొంగు లాక్కున్నాను. డెబ్బై నాలుగేళ్ల వయసులో కూతురికి భయపడి కొంగు కప్పుకోవడం! వచ్చేటప్పుడు తీసేశాను.

అక్టోబరు 14

రెండు, మూడు. రెండూ కాలువ మీద కట్టిన గోడలే. అడుగున్నర, రెండడుగుల అంగుళం. కాదు, కాదు.

బస్సు దిగి నడవడం మోకాలికి పడటం లేదు. మా వీధి చివర ఆటో నాగబాబును మాట్లాడుకున్నాను. యాభై దాటినవాడు, నిదానంగా నడుపుతాడు. నోరు మాత్రం నిదానం కాదు. తాడు వదులుతుంటే అడిగాడు: "కొలతలెందుకు పిన్నిగారూ, దానికేమన్నా జాకెట్టు కుట్టిస్తారా?"

"నీకు కుట్టిస్తాను, నోటికి" అన్నాను.

అక్టోబరు 17

కొంగు తీసేసినప్పుడు ఎవరో చూశారట. పూర్ణిమ ఇంటికి రాగానే మొదలుపెట్టింది.

"లాకుల మీద వంగి నిలబడ్డావటగా! పడితే ఎవరు తీస్తారమ్మా?"

"ఈత వచ్చు."

"ఎప్పుడు ఈదావ్?"

"1963లో."

చేతికర్ర తీసుకెళ్లి బీరువాలో పెట్టి తాళం వేసింది. దొంగపిల్ల చేతిలోంచి పలక లాక్కున్నట్టు. వేయనీ. నవ్య గొడుగు ఉంది.

అక్టోబరు 18

గొడుగు కర్ర కంటే మేలు. ఎండకు కూడా పనికొచ్చింది. నాలుగు. అడుగు మీద పదంగుళాలు. కాదు.

అక్టోబరు 27

ముసురు. ఎక్కడికీ వెళ్లలేదు. తప్పుల పుస్తకం ఇంకోసారి చదివాను. ఊరికే.

నవంబరు 4

ఇప్పటికి తొమ్మిది చూశాను. తొమ్మిదీ కాదు. ఎందుకు కాదంటే చెప్పలేను. రెండున్నర అడుగులు పడే నీటిని జలపాతం అంటే ఏం పోయింది? ఇంట్లో ముగ్గురి నోళ్లూ ఇవాళే మూయించవచ్చు. కానీ లాకు దగ్గర నీరు పడితే జలపాతమని నేను ఒప్పుకుంటే, తూము దగ్గర పడినా ఒప్పుకోవాలి.

ఆ పిల్ల రాసింది అలా కాదుగా. పొద్దున ఉండి మధ్యాహ్నం ఉండని నీరు ఎక్కడైనా ఉంటుందా? ఆ రోజు తరగతిలో జవాబు పైకి చదివి వినిపించి అడిగాను: "మధ్యాహ్నం నీ జలపాతం అన్నానికి వెళ్తుందా?" నలభై ఒక్కమంది నవ్వారు. అరచేతిలో అయిదు దెబ్బలు వేశాను, మార్కుకు ఒకటి చొప్పున. అబద్ధమని నిర్ధారణ చేసుకున్నాకే వేశాను.

నవంబరు 12

కృత్తివెన్ను వైపు వెళ్లాం. పదోది. ఇదివరకు చూసినవన్నీ సాగునీటి కాలువలవి. ఇది మురుగు కాలువ చివరి తూము. పొలాల నీరు, చెరువుల నీరు ఇక్కడ గోడ దాటి ఉప్పుటేట్లో పడి సముద్రంలోకి పోతుంది. పది గంటలకు చేరాం. రెండడుగుల ఏడంగుళాలు. కొలిచి, "కాదు" అని రాసుకున్నాను.

రొయ్యల చెరువుల కాపలాదారు ఫిలిప్ గట్టు మీద పాక నీడలో కూర్చోమన్నాడు. పెరుగన్నం తిన్నాను. మోకాలి నొప్పికి కాస్త నడుం వాల్చాను. లేచి చూస్తే రెండున్నర. తూము దగ్గర చప్పుడు లేదు. వెళ్లి చూశాను. ఇటు నీళ్లు, అటు నీళ్లు, పళ్లెంలో పోసినట్టు ఒకే మట్టం.

"తలుపులు ఎందుకు దించావయ్యా?" అన్నాను ఫిలిప్‌తో.

"నేనేం ముట్టుకోలేదమ్మగారూ. పోటు ఎక్కింది. అటునుంచి సముద్రం నీళ్లు లేస్తే ఇంకేం పడుద్ది? మళ్లీ పాటు దిగితే పడుద్ది. రోజుకి రెండుసార్లు ఎక్కుద్ది, రెండుసార్లు దిగుద్ది. మీకు తెలియందేముంది, చదువుకున్నోళ్లు."

నాగబాబు ఏదో హాస్యమాడాడు. వినలేదు.

ఆటుపోట్ల పాఠం కూడా నేనే చెప్పాను. జలపాతాల పాఠం తర్వాత రెండో పాఠం అది.

నవంబరు 13

నిన్న అష్టమి. అష్టమి నాడు పోటు మధ్యాహ్నం ఎక్కుతుంది.

నవంబరు 14

గుడివాడవాళ్లకు సముద్రం సంగతి ఎలా తెలుస్తుంది? ఎవరైనా చెప్పి ఉండవలసింది. హెడ్మాస్టరు కోదండరామయ్యగారు ఆ ఊరివారే, ఒక్క మాట చెప్పి ఉండవలసింది. నేను నా బాధ్యతగా వెళ్లి చూశాను. ఎంతమంది టీచర్లు పిల్ల రాసిన జవాబు సరిచూడటానికి మైలున్నర నడుస్తారు?

నవంబరు 16

రాయవలసింది రాస్తాను.

ఆ సాయంత్రం నాలుగున్నరకు తూము దగ్గరికి వెళ్లినప్పుడు పోలమ్మ నా వెనకే వచ్చింది. నీళ్లు మట్టంగా ఉన్నాయి. నేను తిరిగి వచ్చేస్తుంటే నా చీర కుచ్చెళ్ల దగ్గరికి వచ్చి, "కొంచేపు ఆగండి టీచర్ గారూ, వచ్చుద్ది" అంది. అయిదున్నరకు అవనిగడ్డ బస్సు. ఆగలేదు.

ఈ మాట తప్పుల పుస్తకంలో లేదు. ప్రతి అక్షరం ఎక్కించేదాన్ని, ఇది వదిలేశాను. మరిచిపోయి వదలలేదు.

మర్నాడు దెబ్బలు. నెల తర్వాత హాజరుపట్టీలో ఆ పిల్ల పేరు ఎదురుగా సున్నాలు మొదలయ్యాయి. సంవత్సరం చివర పేరు కొట్టేశాను. ఎర్ర సిరాతో, స్కేలు పెట్టి.

నవంబరు 18

ఎల్లుండి అమావాస్య. పంచాంగం చూసి, ఫిలిప్ చెప్పిన లెక్క వేసుకున్నాను. అమావాస్యకు పోటు తొమ్మిదింటికి, పాటు మూడింటికి. పెద్ద పాటు. కోతలు మొదలయ్యాయి, ఇంకో పదిహేను రోజులైతే మురుగు కాలువలో బురద తప్ప నీరుండదట. అంటే ఎల్లుండి, లేకపోతే వచ్చే ఏడు. వచ్చే ఏడు సంగతి నేను హామీ ఇవ్వలేను.

పోలమ్మ ఉందో లేదో తెలియదు. తూము ఉందో లేదో కూడా తెలియదు. తూమును చూడటానికే వెళ్తున్నాను.

"అంత దూరమా!" అన్నాడు నాగబాబు. "నా ఆటో పాలకాయతిప్ప పేరు వింటేనే పంచరవుద్ది పిన్నిగారూ."

"ఆరింటికి రా" అన్నాను.

నవంబరు 20

రాత్రి తొమ్మిదిన్నర. నడుం విరిగిపోయింది. అయినా ఇవాళ్టిది ఇవాళే రాయాలి.

తొమ్మిదింబావుకు చేరాం. బడి పాత పెంకుటిల్లు పోయి డాబా అయింది. ఎదురుగా టీకొట్టు. పోలమ్మ అనే ఆమె ఈ ఊళ్లో ఉందా, యాభై అయిదేళ్లుంటాయి అని అడిగాను.

"ఏ పోలమ్మండీ? మా ఊళ్లో నలుగురున్నారు. జలపాతం పోలమ్మా?"

నలభై నాలుగేళ్లు. టీకొట్టు పూర్ణచంద్రరావుకు నలభై కూడా ఉండవు. ఆ పేరు ఎందుకొచ్చిందో అతనికి తెలియదు. వాళ్ల అమ్మ పిలిచేదట, అందుకని తనూ పిలుస్తాడట.

పోలమ్మ పీతలు కొంటుంది. రోడ్డు పక్క షెడ్డులో కాటా పెట్టుకుని కూర్చుని, బస్తాలోంచి ఒక్కొక్కటీ తీసి గిట్టలకు తాడు చుడుతోంది. మనిషి లావయింది. జుట్టు నెరిసింది. నేను నోరు తెరిచి "పోలమ్మా, నేను..." అన్నానో లేదో, తల ఎత్తకుండానే అంది:

"తెలిసిందండి. గొంతు మారలేదు. కూర్చోండి, ఈ బస్తా అవనీండి."

నలభై నిమిషాలు కూర్చోబెట్టింది. గడియారం చూసుకుంటూనే ఉన్నాను. ఒక్కసారి కూడా ఎంతసేపని అడగలేదు.

తర్వాత చేతులు కడుక్కుని, మాతో ఆటో ఎక్కి దారి చూపించింది. తూము ఉంది. గోడకు సిమెంటు పూశారు, తలుపులు మార్చారు, తక్కినదంతా అదే. ఇటు నీళ్లు, అటు నీళ్లు, ఒకే మట్టం. వస్తుందని తెలిసి వచ్చినదాన్ని కూడా నోరు జారాను. "లేదు" అన్నాను.

"ఇయ్యాళ పెందలాడే అన్నానికెళ్లిందండి" అంది పోలమ్మ. "కూర్చోండి. వచ్చుద్ది."

నాగబాబు పకపకా నవ్వాడు. అతనికి తెలియదు. ఆమె నవ్వలేదు. నేను తూము గోడ మీద కూర్చున్నాను.

పదకొండింటికి పూర్ణిమ ఫోను.

"అమ్మా, ఎక్కడున్నావ్? నవ్య ఇంటికొచ్చి చూస్తే తలుపు తాళం!"

"దివిసీమలో. తూము మీద."

"అమావాస్య పూట ప్రయాణమా? నీకేమైనా మతి ఉందా?"

"అమావాస్య కాబట్టే వచ్చాను. సాయంత్రం దాకా ఫోను చెయ్యకు. పని ఉంది."

పోలమ్మ ఓరకంట చూసింది. "కూతురా?"

"ఆఁ."

"బాగా భయపెట్టారు."

"ఏం భయం, ఒకసారి జారిపడ్డానని, బయటికి పోకుండా నా కర్ర బీరువాలో దాచేసింది" అంటే అప్పుడు నవ్వింది, కొంచెం.

ఇద్దరం నీళ్ల వైపే చూస్తూ కూర్చున్నాం. పుస్తకంలో ఉన్నదానికంటే ఎక్కువ నాకేమీ తెలియదు కాబట్టి నేనే అడిగాను. "దెబ్బలు కొట్టాననా బడి మానేశావు?"

"దెబ్బలెవరు కొట్టలేదండి అప్పుడు? మా నాన్న కొట్టలేదా? 'జలపాతం వచ్చిందిరోయ్' అనేవోళ్లు, అది కూడా నెల్లాళ్లు ఓర్చాను." చేతిలో గడ్డిపరక తుంచి నీళ్లలో పడేసింది. "ఆగమన్నాను. మీరు ఆగలేదు."

"బస్సు ఉంది."

"బస్సు మర్నాడూ ఉంటదండి."

ముప్పై నాలుగేళ్లలో ఏ పిల్లా నన్ను అలా నిలబెట్టలేదు. "తప్పు నాది పోలమ్మా" అన్నాను. వినబడేలాగే అన్నాను. తరగతిలో అన్నది వినబడేలాగే కదా.

ఆమె పర్లేదు అనలేదు. అననందుకు సంతోషించాను. అని ఉంటే నమ్మేదాన్ని కాదు.

పన్నెండు దాటాక నాగబాబు అన్నాడు, "పిన్నిగారూ, చప్పుడు." గోడ అంచు మీంచి సన్నటి జరీ అంచులా నీరు జారుతోంది. ఒంటిగంటకు జానెడు. రెండింటికి మాట్లాడుకుంటే ఒకరి మాట ఒకరికి వినబడలేదు. ఉప్పుటేరు అడుక్కు దిగిపోయింది, కాలువ నీరంతా ఒక్క పెట్టున కిందికి దూకుతోంది. తుంపరలు నా కళ్లద్దాల మీద పడ్డాయి. తుడుచుకున్నాను, మళ్లీ పడ్డాయి. తుడుచుకోవడం మానేశాను.

మూడింటికి తాడు తీశాను. మెట్లు పాచిపట్టి ఉన్నాయి. "ఇటివ్వండి, మళ్లీ జారిపడితే మీ కూతురు నన్ను బీరువాలో పెడుద్ది" అని తాడు కొస పట్టుకుని పోలమ్మ దిగింది. నేను పైన, ఆమె కింద. "తగిలిందా?" అని నేను, "ఆగండి, ఇంకా" అని ఆమె. ఆగాను. నాలుగడుగుల రెండంగుళాలు. అన్నిటికంటే పెద్దది.

తప్పుల పుస్తకం సంచిలో తెచ్చాను. గోడ మీద పెట్టి ఆ పేజీ తీశాను. పోలమ్మ వంగి కూడబలుక్కుని చదివింది. సున్నా కొట్టేసి నాలుగున్నర వేశాను.

"అరెందుక్కోశారు?"

"ఎత్తు ఎంతో రాయలేదు."

"పదకొండేళ్ల పిల్లండి! టేపెక్కడ్నుంచి తెచ్చుద్ది? ఇప్పుడు నీళ్లలో దిగి కొలిచిందెవరు?"

వాదన సబబుగా ఉంది. నాలుగున్నర కొట్టేసి అయిదు వేశాను. సంతకం, తేదీ.

"ఈ 'అబద్ధం' అన్న ముక్క కూడా కొట్టెయ్యండి."

"కొట్టెయ్యను" అన్నాను. దాని కిందే రాశాను: "స్వయంగా చూశానని రాసినది నా అబద్ధం. ఆ పిల్ల ఆగమంది. ఆగలేదు." చదివి వినిపించమంది. నీటి చప్పుడు మీద అరిచి చదివాను. రెండోసారి కూడా చదివించుకుంది.

తిరుగు ప్రయాణంలో టీకొట్టు దగ్గర ఆటో ఆపించాను. "ఇదిగో పూర్ణచంద్రరావూ, ఆవిడ పేరు పోలమ్మ. ఆ రెండో మాట ఇకమీదట..." అని మొదలుపెట్టాను. నాకు అలవాటైన గొంతుతోనే.

పోలమ్మ అడ్డు వచ్చింది.

"ఉండనీండి టీచర్ గారూ. ఇప్పుడు తీసేస్తే ఎట్లా? ఇయ్యాళేగా మార్కులొచ్చినయ్."

నవంబరు 21

పూర్ణిమ మాట్లాడటం లేదు. చేతికర్ర మాత్రం మంచం పక్కన పెట్టి వెళ్లింది. గొడుగు నవ్యకు తిరిగి ఇచ్చేశాను. చువ్వ ఒకటి వంగింది, ఆ సంగతి చెప్పే ఇచ్చాను.

జాబితాలో పదకొండోది ఎక్కించాను. నాలుగడుగుల రెండంగుళాలు. జలపాతం. మొదటి పదింటికీ "కాదు" కొట్టేశాను, అడుగున్నర వాటితో సహా.

నవ్య జాబితా అంతా చదివింది. నవ్వలేదు. ఫొటో చూపించమంది. తియ్యలేదన్నాను. వీడియో? లేదన్నాను.

"మరెలా అమ్మమ్మా చూసేది?"

పౌర్ణమి డిసెంబరు నాలుగు. పాటు మూడింటికి. కాలువలో నీళ్లుంటే ఉంటాయి. పొద్దున్నే వెళ్లి కూర్చోవాలని చెప్పాను.